భండారపు తాళపుచెవి: ప్రభుత్వ క్రెడిట్ కార్డును గూర్చి ఒక అధ్యయన పాఠము

శ్రీ గురుబసవలింగాయ నమః

కల్యాణ పట్టణమున బిజ్జల మహారాజు కొలువులో బసవేశ్వరుడు దండనాయకుడై, రాజభండారమునకు అధికారియై యుండెననుట భక్తులెల్లరకు తెలిసిన విషయమే. ఆయన ధర్మోపదేశములు నిత్యము స్మరింపబడుచున్నవి. కాని ఆయన ఒక ప్రభుత్వోద్యోగి యనియు, తనది కాని సొమ్మునకు తాళపుచెవి పట్టినవాడనియు అంతగా స్మరింపబడుట లేదు. పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణమున ఈ ఘట్టము కలదు. గిట్టనివారు రాజును చేరి, బసవడు భండారపు ధనమును జంగమములకు ధారపోయుచున్నాడని కొండెములు చెప్పిరి. రాజు లెక్క అడిగెను. ధనము లెక్కింపబడెను. లెక్క సరిపోయెను.

ఆ ఘట్టమును చదువువారు, ఇచ్చినను తరుగని భండారపు మహిమను చూతురు. ఆ మహిమ ప్రక్కనే సామాన్యునకు అందుబాటులో నున్న పాఠము మరియొకటి కలదు. భండారి లెక్కకు వెనుదీయలేదు. పెట్టె తెరచి చూపుటకు సిద్ధపడెను. మహిమ అందరి వలన కాదు. లెక్క చూపుట అందరి వలనను అగును. ఈ పాఠమంతయు ఆ ఒక్క మాటపై ఆధారపడియున్నది.

నేటి తాళపుచెవి

బిజ్జలుని కాలమున భండారమునకు ఇనుప తాళపుచెవి యుండెను. నేడు అది అనేక రూపములు దాల్చినది. కార్యాలయములో చిల్లర ఖర్చులకై ఉంచు పర్మనెంట్ అడ్వాన్సు ఒక రూపము. ప్రయాణమునకు ముందుగా తీసికొను అడ్వాన్సు మరియొక రూపము. వాహనమునకు చమురు పోయించుకొనుటకు కంపెనీలు ఇచ్చు ఇంధనపు కార్డు వేరొకటి. వీటన్నిటి కంటె సులువైనది, కావుననే ఎక్కువ జాగ్రత్త కోరునది, క్రెడిట్ కార్డు. దానిని చూపిన క్షణముననే సరుకు చేతికి వచ్చును. మూల్యము తరువాత చెల్లింపబడును. కార్డు ప్రభుత్వముదైనచో ఆ మూల్యము చివరకు చెల్లించువాడు పన్ను కట్టిన పౌరుడు.

మన రాష్ట్ర కార్యాలయములలో ప్రతి చిన్న కొనుగోలునకు ఉద్యోగి చేతికి క్రెడిట్ కార్డు ఇచ్చు పద్ధతి సాధారణము కాదు. అయినను బ్యాంకులలోను, ప్రభుత్వరంగ సంస్థలలోను అధికారులకు సంస్థ పేరిట కార్డులు ఇచ్చుట కలదు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారిలో అక్కడి ప్రభుత్వ కొలువులలో నున్నవారును గలరు. నిజామాబాదు పట్టణములోని జిల్లా కార్యాలయములు మొదలు బోధన్, ఎడపల్లి, రెంజల్, కోటగిరి, వర్ని మండల కార్యాలయముల వరకు ఎవరి చేత అడ్వాన్సు సొమ్ము ఉన్నను, ఎవరి సంతకముతో బిల్లు మంజూరగుచున్నను, వారికిని ఈ పాఠము వర్తించును. రూపము మారినను తాళపుచెవి తాళపుచెవియే.

దుర్వినియోగము ఎట్లు మొదలగును

దొంగతనము చేయవలెనని తలచి కొలువులో చేరువారు అరుదు. ఒక ఉద్యోగి కార్యాలయపు పనిపై హైదరాబాదునకు పోయెననుకొందము. సాయంత్రము చెల్లెలి పెండ్లికి చీర కొనవలసివచ్చినది. తన సంచిలో సొమ్ము చాలలేదు. జేబులో కార్యాలయపు కార్డు ఉన్నది. "ఒకటవ తారీఖున జీతము రాగానే కట్టెదను" అనుకొని చీర కొనెను. అట్లే కట్టెను కూడ. ఎవరును అడుగలేదు. మరునెల ఇంటి అద్దెకు చాలకపోయినది, మరల వాడెను. ఈసారి కట్టుట పది దినములు ఆలస్యమాయెను. మూడవసారి, ఎంత వాడెనో ఎంత కట్టెనో అతనికే తెలియలేదు. లెక్క కలియుటకై ఒక దుకాణదారుని వద్ద ఉత్త బిల్లు వ్రాయించుకొనెను. మొదటి దినమున అతడు చేసినది సొంత సంచిని, సర్కారు సంచిని ఒకటి చేయుట. బిల్లు వ్రాయించుకొన్న దినమున అది నేరముగా పండినది. విత్తనము మాత్రము చీర కొన్ననాడే పడినది.

దుర్వినియోగమునకు వేరు రూపములును కలవు. పరిమితికి మించిన కొనుగోలును రెండు మూడు బిల్లులుగా విడగొట్టి, పై అధికారి మంజూరు అక్కరలేకుండ చేసికొనుట ఒకటి. తన కార్డును, దాని రహస్య సంఖ్యను క్రింది ఉద్యోగికి ఇచ్చి పని జరుపుకొనుట మరియొకటి. ఇందు మోసపు తలంపు లేకున్నను, రేపు తప్పు జరిగినచో ఎవరు చేసినదియు తేలదు. సక్రమముగానే కొన్న వస్తువు కార్యాలయము చేరక ఇల్లు చేరుట మూడవది. బదిలీయైన వాని పేర, పదవీ విరమణ చేసిన వాని పేర కార్డు రద్దు కాక మిగిలియుండుట నాలుగవది. ఈ నాలుగింటిలో మొదటి మూడును ఉద్యోగి తప్పులు; నాలుగవది కార్యాలయపు తప్పు. కావున నివారణోపాయమును ఉభయులకును ఉండవలెను.

స్వీడన్ దేశపు చాక్లెట్ కథ

"తీసికొన్నది తిరిగి కట్టినచో తప్పేమి?" అని ప్రశ్నించువారు గలరు. ఈ ప్రశ్నకు 1995లో స్వీడన్ దేశమున సమాధానము దొరికినది. అప్పుడు ఉపప్రధానిగా నుండిన మోనా సాలిన్, తరువాతి ప్రధాని యగునని దేశమంతయు భావించుచున్న కాలమది. ఆమె ప్రభుత్వ కార్డుతో తన సొంత వస్తువులు కొనినట్లు పత్రికలు వెల్లడించినవి. వాటిలో టోబ్లరోన్ అను చాక్లెట్ ఉండుటచే ఆ వ్యవహారమునకు ఆ చాక్లెట్ పేరే స్థిరపడిపోయినది. జీతముపై అడ్వాన్సుగా తలచితిననియు, సొమ్ము తిరిగి చెల్లించితిననియు ఆమె చెప్పుకొనెను. ప్రభుత్వ న్యాయవాది విచారణ జరిపి, నేరారోపణ చేయకయే ముగించెను. అయినను ఆమె ప్రధాని పదవికి పోటీనుండి తప్పుకొని, మంత్రివర్గమునుండియు వైదొలగవలసివచ్చెను. 1998లో మరల మంత్రియైనను, చేతికి అందివచ్చిన ప్రధాని పదవి ఆమెకు మరెన్నడును దక్కలేదు.

సొమ్ము తిరిగి చేరినది. నమ్మకము తిరిగి చేరుటకు ఏండ్లు పట్టినది. ప్రజాధనము పట్టినవాడు పోగొట్టుకొనునది రూపాయి ఒక్కటే కాదని ఈ కథ తెలుపుచున్నది.

అమెరికా దేశము నేర్చుకొన్నది

అమెరికా కేంద్ర ప్రభుత్వము తన ఉద్యోగులకు కొనుగోలు కార్డులను, ప్రయాణ కార్డులను విరివిగా ఇచ్చు దేశము. చిన్న కొనుగోలునకు పెద్ద దస్త్రము నడపుట కంటె కార్డు చౌక యని వారి అనుభవము. అది సత్యమే. కాని 2008 మార్చిలో ఆ దేశపు ప్రభుత్వ లెక్కల పరిశీలన సంస్థ ఒక నివేదిక ప్రకటించెను. 2005 జూలై మొదలు 2006 జూన్ వరకు జరిగిన కొనుగోళ్లను నమూనాగా తీసి చూడగా, సుమారు 41 శాతము లావాదేవీలలో రెండు మూల నియమములలో ఒకటైనను తప్పినదని తేలెను. ముందుగా తగిన అధికారి మంజూరు చేయుట ఒక నియమము. వచ్చిన సరుకును కొన్నవాడు గాక వేరొకడు చూచి స్వీకరించుట రెండవ నియమము. ఆ నివేదికలోనే, అటవీ శాఖ ఉద్యోగిని యొకతె కార్డు ఖాతాతో ఇయ్యబడిన చెక్కుల ద్వారా ఆరు సంవత్సరములలో 6,42,000 డాలర్లకు పైగా మళ్లించిన వృత్తాంతము కలదు. ఇందు గమనింపదగినది సొమ్ము కంటె ఆరు సంవత్సరములు అను మాట. ఆరు సంవత్సరములు ఎవరును ప్రక్కనుండి చూడలేదు.

పిదప 2012 అక్టోబరు 5న ప్రభుత్వ కార్డుల దుర్వినియోగ నివారణ చట్టము అమలులోనికి వచ్చెను. అందలి కట్టుబాట్లు ఏ దేశపు కార్యాలయమునకైనను పనికివచ్చునట్టివి. వాటి సారాంశమిది:

1. ఎవరెవరి వద్ద కార్డు ఉన్నదో, ఒక్కొక్క కొనుగోలునకు ఎంత, మొత్తమునకు ఎంత పరిమితియో వ్రాసిన పట్టిక ఉండవలెను.

2. కార్డు పట్టినవాడు ఒకడు, అతని ఖర్చును ఆమోదించువాడు వేరొకడు కావలెను. తన ఖర్చును తానే ఆమోదించుకొనరాదు.

3. బ్యాంకు పంపిన లెక్కను రసీదులతో సరిపోల్చి చూడవలెను. సరిపోలని దానిని వెంటనే ప్రశ్నింపవలెను.

4. కార్డు పట్టువానికిని, ఆమోదించువానికిని ముందుగా శిక్షణ ఇయ్యవలెను.

5. కార్డు ఇంకను అవసరమా యని అప్పుడప్పుడు పరిశీలింపవలెను. కొలువు విడిచినవాని కార్డును వెంటనే రద్దు చేయవలెను.

6. ప్రయాణ కార్డు ఇచ్చుటకు ముందు, ఉద్యోగి అప్పుల విషయమై నమ్మదగినవాడా యని విచారింపవలెను.

7. తనిఖీ అధికారులు నియతముగా పరిశీలన జరుపవలెను. తప్పు చేసినవానికి కొలువునుండి తొలగింపు వరకు శిక్ష ఉండవలెను.

వీటికి తోడు యంత్రము చేయు సహాయమును కలదు. ప్రతి వ్యాపారమునకు నాలుగు అంకెల సంకేతము ఉండును. ప్రభుత్వపు పనితో సంబంధము లేని వ్యాపారములలో కార్డు చెల్లకుండ బ్యాంకులోనే కట్టడి చేయవచ్చును. అయినను యంత్రము దుకాణమును చూడగలదు గాని ఉద్దేశమును చూడలేదు. కాగితపు దుకాణమున కొన్న కలము కార్యాలయమునకో, పిల్లవాని బడికో అది ఎరుగదు.

కార్డులన్నిటిని ఒక్కసారిగా నిలిపివేయుటయు ఒక ఉపాయముగా కొందరు తలచెదరు. 2025 ఫిబ్రవరి 26న అమెరికా అధ్యక్షుని ఉత్తర్వు, విపత్తు సహాయము వంటి ముఖ్య సేవలను మినహాయించి, ఉద్యోగుల కార్డులను ముప్పది దినములు స్తంభింపజేసెను. అట్టి చర్యలో దోషితోపాటు నిర్దోషి పనియు ఆగును. తలుపు మూయుట సులభము. తలుపు తెరచియుంచి లెక్క నిలుపుట కష్టము. నిలిచి ఫలమిచ్చునది రెండవదియే.

మన దేశపు నియమములు

ఈ విషయమున భారతదేశపు నియమములు తక్కువవి కావు. కేంద్ర ప్రభుత్వపు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళిలో 21వ నియమము ఖర్చుపెట్టు అధికారికి మర్యాదలు నిర్ణయించినది. సామాన్య వివేకము గలవాడు తన సొంత సొమ్మును ఖర్చుపెట్టునప్పుడు ఎంత జాగ్రత్త వహించునో, ప్రజాధనము విషయమునను అంత జాగ్రత్త వహింపవలెనని దాని తాత్పర్యము. సందర్భము కోరినదాని కంటె ఎక్కువ ఖర్చు చేయరాదు. తనకే లాభము కలుగు ఖర్చును తానే మంజూరు చేయరాదు. ప్రయాణ భత్యము వంటివి పుచ్చుకొనువానికి ఆదాయమార్గము కారాదు. ఈ మూడు మాటలు ఇంటి గోడపై వ్రాసికొనదగినవి.

చట్టము విధించు శిక్షయు స్వల్పము కాదు. తనకు అప్పగింపబడిన సొత్తును వంచనతో స్వాహా చేసిన ప్రభుత్వోద్యోగికి, 1988 నాటి అవినీతి నిరోధక చట్టపు 13వ సెక్షను క్రింద నాలుగు సంవత్సరములకు తక్కువ కాకుండ, పది సంవత్సరముల వరకు కారాగారము విధింపవచ్చును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో ఉద్యోగి చేసిన నమ్మకద్రోహమునకు యావజ్జీవ శిక్ష వరకు కలదు. పౌరునకును సాధనము కలదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద, తన ఊరి కార్యాలయపు ఖర్చుల వివరములను దరఖాస్తు పెట్టి అడుగవచ్చును. సాధారణముగా ముప్పది దినములలో సమాధానము రావలెను. బిజ్జలుడు రాజు కావున లెక్క అడిగెను. ప్రజాస్వామ్యమున ఆ స్థానము ప్రజలది.

బోధన్ చెరకు కాటా నేర్పు పాఠము

ఇన్ని నియమముల సారము బోధన్ ప్రాంతపు రైతునకు క్రొత్త కాదు. మంజీరానదిపై నిజాంసాగరు 1931లో పూర్తియైన పిదప ఈ నేలపై చెరకు విస్తరించెను. 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము చుట్టును శక్కర్‌నగర్ వెలసెను. చెరకు బండ్లు బారులు తీరి కాటాకు వచ్చిన దినములను పెద్దలు నేటికిని చెప్పుకొందురు. కాటాపై బండి నిలిచినప్పుడు తూచువాడొకడు, చూచువాడొకడు. తూకమునకు చీటి పుట్టును. చీటిని బట్టియే లెక్క కట్టబడును. లెక్కను బట్టియే సొమ్ము ముట్టును. తూచినవాడే చీటి వ్రాసి, వ్రాసినవాడే లెక్క కట్టి, కట్టినవాడే సొమ్ము పంచినచో, అతడు ఎంత మంచివాడైనను రైతు నమ్మగలడా? కాటా వద్ద చూపు నిలుపుట తూచువానిని అవమానించుట కాదు. రేపు ఎవరైనను నిందవేసినచో అతని పక్షమున పలుకునది ఆ చూపే. 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతబడినది. కాటా నేర్పిన పాఠము మాత్రము మూతబడరాదు.

ఆ పాఠము మరచినచో ఏమగునో బోధన్ పట్టణమే చూచినది. వ్యాపారులు కట్టవలసిన పన్నునకు బదులు నకిలీ చలానాలు దాఖలై, ఖజానాకు చేరని పన్ను చేరినట్లు నమోదైనదన్న వ్యవహారము బోధన్ వాణిజ్య పన్నుల కార్యాలయమున 2017లో బయటపడెను. దర్యాప్తు నేర పరిశోధక విభాగమునకు అప్పగింపబడెను. ఆ శాఖకు చెందిన ఉద్యోగులును నిందితులైరి. ఎవరి దోషమెంతయో నిర్ణయించునది న్యాయస్థానము. అధ్యయనము చేయువారికి కావలసినది వేరు. చలానా కాగితమొక చోట, ఖజానా జమ మరియొక చోట ఉండును. ఆ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచు కన్ను ఒకటి ప్రతిదినము పనిచేయవలెను. క్రెడిట్ కార్డు విషయమునను ఇదియే మార్గము. రసీదు ఒక చోట, బ్యాంకు లెక్క ఒక చోట, కొన్న వస్తువు ఒక చోట ఉండును. మూడును ఒకే చోట కలిసినప్పుడే లెక్క సత్యమగును.

ఇంటివారి బాధ్యత

నియమములు కార్యాలయపు గుమ్మము వరకే వచ్చును. ఇంటిలోనికి రావు. అక్కడ కాపలా కాయవలసినవారు ఇంటివారే. ఇందుకు ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ కంటె మేలైన దృష్టాంతము లేదు. బసవేశ్వరుని మహామనె వాకిట చిందిన బియ్యమును ఏరి తెచ్చి, దానితో దాసోహము జరుపుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు నిత్యము తెచ్చుదాని కంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఇది అవసరమునకు మించినదని చెప్పి, ఎక్కువైన బియ్యమును ఎక్కడనుండి తెచ్చెనో అక్కడనే పోసి రమ్మని భర్తను పంపెను. దొంగిలించిన బియ్యము కాదది, నేలపై పడినది. అయినను ఆ తల్లి దానిని ఒప్పుకొనలేదు.

నేడు ఉద్యోగి ఇంటికి వచ్చినప్పుడు లక్కమ్మ అడిగిన ప్రశ్న అడుగు ఇండ్లు ఎన్ని? జీతము ఎంతో ఇంటిలో తెలియును. క్రొత్త బండి వచ్చినది, క్రొత్త నగ వచ్చినది, సెలవులలో విహారయాత్ర జరిగినది. "ఇది ఎక్కడిది?" అని అడుగుటకు బదులు "పొరుగింటివారికి ఇంకను పెద్దది కలదు" అనుట వినబడుచున్నది. భర్తను, కుమారుని, కుమార్తెను తప్పుదారికి నెట్టునది పలుమారు కార్యాలయము కాదు, ఇంటి ఆశ. పట్టుబడిన దినమున శిక్ష ఒకరికి పడును. తలవంపు ఇంటిల్లిపాదికి పడును. పెండ్లి కావలసిన ఆడపిల్లయు, బడికి పోవు పిల్లవాడును ఆ భారము మోయుదురు. కావున లక్కమ్మ వలె ముందే అడుగుట కఠినత్వము కాదు, ప్రేమ.

ఉద్యోగమున క్రొత్తగా చేరు బిడ్డకు పెద్దలు చెప్పదగిన ఆచారములు నాలుగు. కార్యాలయపు కార్డును, అడ్వాన్సు సొమ్మును సొంత సంచిలో ఉంచరాదు. వేరు కవరులో ఉంచవలెను. రసీదు పుచ్చుకొనక దుకాణము మెట్టు దిగరాదు. ఆనాటి ఖర్చును ఆనాడే వ్రాయవలెను. పొరపాటున కార్డు సొంతమునకు వాడబడినచో, ఎవరును అడుగక ముందే మరునాడు ఉదయము పై అధికారికి వ్రాతమూలకముగా తెలిపి సొమ్ము కట్టవలెను. తానై చెప్పిన పొరపాటు పొరపాటుగనే మిగులును. దాచిన పొరపాటు నేరముగా మారును.

మఠముల భండారము

పరులకు చెప్పు ధర్మము మొదట తమ యింట కనబడవలెను. మఠమునకు వచ్చు కానుకలు, దాసోహపు బియ్యము, వసతి గృహపు రుసుములు సమాజపు సొత్తు. వసూలు చేయువారొకరు, వ్రాయువారొకరు, ఖర్చుకు అనుమతించువారొకరు ఉండుటయు, జమాఖర్చులను సంవత్సరమునకు ఒకసారియైన భక్తుల యెదుట చదువుటయు మఠమునకు శోభ. లెక్క అడిగిన భక్తుని ద్రోహిగా చూచు చోట భక్తి నిలువదు. బసవేశ్వరుడే లెక్కకు లోబడియుండగా, ఆయన పేర వెలసిన భండారము లెక్కకు అతీతము ఎట్లగును?

బసవేశ్వరుని కొలువును స్మరించుకొను ప్రతి ఉద్యోగియు ఒక్క మాట జ్ఞప్తియందుంచుకొనవలెను. లెక్క అడుగబడుట అవమానము కాదు. లెక్క చెప్పుట భండారి కాయకములో సగము పాలు.

చర్చకు ప్రశ్నలు

1. "తిరిగి కట్టితిని" అనుటతో దోషము పోవునా? స్వీడన్ ఉదంతమును బట్టి చెప్పుడు.

2. కార్డు పట్టినవాడును ఆమోదించువాడును ఒకడే యైనచో కలుగు కీడు ఏమి? చెరకు కాటాతో పోల్చి వివరింపుడు.

3. లక్కమ్మ తిరిగి పంపిన బియ్యము దొంగ సొమ్ము కాదు. అయినను ఆమె ఎందుకు తిరిగి పంపెను?

4. మీ ఊరి మఠము, సంఘము, పాఠశాల వీటిలో జమాఖర్చులు ఎవరి యెదుట, ఎన్నాళ్లకొకసారి చదువబడుచున్నవి?

శరణు శరణార్థి.